ఇంటర్ చదువుతూ ఫోన్ కూడా వాడేవాళ్ళు, చదువు ముక్కలు కాకుండా ఎలా చూసుకోవాలంటే

ఇది ముఖ్యంగా డే స్కాలర్‌గా ఇంటర్ చదువుతూ ఇంట్లో ఫోన్ చేతిలో ఉండే పిల్లల కోసం రాస్తున్నా, ఎంపీసీ అయినా బైపీసీ అయినా సీఈసీ అయినా ఒకటే. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నవాళ్ళకి కూడా పనికొస్తుంది. నేను సాయంత్రాలు ఇంటర్ వాళ్ళకి మ్యాథ్స్ చెప్తాను, కాబట్టి ఉదాహరణలు ఎక్కువ అందులోంచే వస్తాయి, మీ సబ్జెక్ట్‌కి తగ్గట్టు మార్చుకోండి.

"ఆ ఫోన్ అవతల పడేయ్, బాగుపడతావ్" అనే మాట ఇంట్లో వినీ వినీ మీకు విసుగొచ్చి ఉంటుంది, పైగా అది కుదిరే పని కూడా కాదు. రేపటి స్లిప్ టెస్ట్ సిలబస్ కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లోనే వస్తుంది, లెక్చరర్ నోట్స్ పీడీఎఫ్ అందులోనే పెడతారు, ఆంధ్రాలో అయితే 2025 నుంచి ఇంటర్ హాల్ టికెట్ కూడా ప్రభుత్వం నడిపే మన మిత్ర వాట్సాప్‌లోనే దించుకోవచ్చు. అర్థం కాని చాప్టర్ యూట్యూబ్‌లో చూసి పాసైన పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. కాబట్టి ఫోన్ ఉంటుంది, సోషల్ మీడియా కూడా ఉంటుంది, అది ఉంటూనే చదువు ఎలా నిలబెట్టుకోవాలో చూద్దాం.

ఇన్నేళ్ళు పిల్లల్ని చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే, ఎన్ని గంటలు చూశారన్నదానికంటే ఎప్పుడు చూశారన్నదే ఎక్కువ దెబ్బ కొడుతుంది. శనివారం సాయంత్రం కూర్చుని వరసగా రెండు గంటలు రీల్స్ చూసినవాడికి పోయేది రెండు గంటలే. అదే రెండు గంటలు ఐదేసి నిమిషాల చొప్పున రోజూ చదువు మధ్యలో చూసినవాడికి వారం మొత్తం పోతుంది, వాడు మాత్రం "రోజుకి నాలుగ్గంటలు కూర్చున్నా సార్, అయినా మార్కులు రావట్లేదు" అంటాడు, వాడు చెప్పేది అబద్ధం కూడా కాదు, నిజంగానే కూర్చున్నాడు. పప్పు పొయ్యి మీద పెట్టి ఐదు నిమిషాలకోసారి దించేస్తుంటే గ్యాస్ అయిపోతుంది గానీ పప్పు ఉడకదు, వాడి నాలుగ్గంటలు కూడా అలాగే అయిపోయాయి.

ముందు మీ లెక్క మీరు చూసుకోండి

ఏదీ మార్చకముందు ఒక వారం ఊరికే గమనించండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్తే డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. అందులో అందరూ మొత్తం గంటలు చూసి "అమ్మో" అనుకుని మూసేస్తారు. మీరు దాని పక్కనే ఉండే ఇంకో రెండు నంబర్లు చూడండి, రోజుకి ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి. మొత్తం గంటలు ఇద్దరికీ మూడే ఉండొచ్చు, కానీ అన్‌లాక్‌లు ఒకరికి ముప్పై, ఇంకొకరికి నూట యాభై ఉంటే వాళ్ళిద్దరి చదువులకి పోలికే లేదు.

దీంతోపాటు ఒక చిన్న పని చేయండి. చదవడానికి కూర్చున్నప్పుడు రఫ్ బుక్ పైమూల ఖాళీ ఉంచుకుని, చేయి ఫోన్ వైపు పోయిన ప్రతిసారీ ఒక గీత గీయండి, ఫోన్ తీసినా సరే తీయకుండా ఆగినా సరే గీత పడాలి. పక్కన ఒక్క ముక్కలో ఎందుకు పోయిందో రాయండి, లెక్క రాలేదు, బోర్, సౌండ్ వచ్చింది, టైమ్ చూద్దామని. వారం తర్వాత చూస్తే చాలామందికి ఒకటే కనపడుతుంది, ఎక్కువ గీతలు లెక్క ఆగిపోయిన చోటే పడి ఉంటాయి. కష్టం వచ్చిన క్షణంలోనే చేయి ఫోన్ మీదకి పోతుంది. అసలు మనం నేర్చుకునేది కూడా ఆ క్షణంలోనే, అందుకే అది పోవడం నాకు అంత బాధగా ఉంటుంది.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. పల్లెల్లో పిల్లల చదువుల మీద చేసే ఏసర్ అనే సర్వే 2024 రిపోర్ట్‌లో మన దేశంలో పల్లెటూళ్ళ 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని అడిగితే, ఫోన్ వాడటం వచ్చినవాళ్ళలో అంతకుముందు వారం చదువుకోసం వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియా వాడామన్నవాళ్ళు 76 శాతం. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ బ్యాన్ అయింది, జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చేసింది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మొదలైంది. ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నవాళ్ళు అప్పుడు ఐదో తరగతో ఆరో తరగతో, అదీ ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంట్లో ఫోన్ మొదటిసారి చేతికొచ్చిన టైమ్. అంటే మీకు చదువూ రీల్సూ ఒకే స్క్రీన్ మీద ఒకేసారి అలవాటయ్యాయి, విడదీయడం కష్టంగా ఉందంటే దానికి కారణం ఉంది.

మధ్యలో ఫోన్ చూస్తే అసలు ఏమవుతుంది

సెకండ్ ఇయర్ మ్యాథ్స్‌లో డెఫినిట్ ఇంటిగ్రల్ ఒకటి తీసుకోండి, లిమిట్స్ 0 నుంచి పై బై 2 వరకు. మొదట ఐ అని రాసుకుంటాం, తర్వాత ఎక్స్ ఉన్నచోటల్లా పై బై 2 మైనస్ ఎక్స్ పెట్టి రెండో ఈక్వేషన్ తెచ్చుకుంటాం, ఆ రెండూ కలిపితే 2 ఐ వస్తుంది, అక్కడ డినామినేటర్ కొట్టేసుకుపోయి లెక్క తేలిపోతుంది. ఈ మొత్తం పని జరిగేటప్పుడు ఎందుకు మార్చాం, దేన్ని దేంతో కలపాలి అన్నది తలలో పట్టుకుని ఉండాలి. రెండో ఈక్వేషన్ రాస్తుండగా ఒక మెసేజ్ చూసి వచ్చారనుకోండి, పేపర్ మీద రాసింది అలాగే ఉంటుంది కానీ తలలో పట్టుకున్నది జారిపోతుంది, మళ్ళీ మొదటి లైన్ నుంచి చదువుకోవాలి. చాలామంది అలా చదవరు కూడా, గైడ్ తెరిచి మిగతా స్టెప్స్ ఎక్కించేసి "అయిపోయింది" అని టిక్ పెట్టేస్తారు.

2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీని గురించే రాశారు, ఒక పని పూర్తి కాకుండా ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని. రీల్ చూసి పుస్తకానికి తిరిగొచ్చినా మనసులో ఆ రీల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అందులోనూ ఎవరైనా కామెంట్‌లో గొడవ పెట్టుకున్నారంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకోటి, రీల్స్ ఎందుకంత లాగుతాయంటే తర్వాత ఏమొస్తుందో తెలీదు కాబట్టి. నాలుగు బోర్ కొడతాయి, ఐదోది భలే ఉంటుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు, అందుకే వేలు ఆగదు. ఎప్పుడు దొరుకుతుందో తెలీని ఫలితం కోసం ప్రాణులు ఆగకుండా ప్రయత్నిస్తాయని స్కిన్నర్ అనే సైకాలజిస్ట్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో తేల్చారు. బోటనీ చాప్టర్‌లో అలాంటిదేమీ ఉండదు, పేజీ తిప్పితే ఏముంటుందో తెలుసు, అందుకే దాని ముందు పుస్తకం చప్పగా అనిపిస్తుంది. అరగంట రీల్స్ చూసిన వెంటనే చదవడానికి కూర్చోవద్దని నేను చెప్పేది ఇందుకే, మధ్యలో స్నానం చేయండి, బట్టలు ఆరేయండి, అమ్మకి కూరగాయలు తరిగిపెట్టండి, ఏదో ఒకటి చేసి అప్పుడు కూర్చోండి.

ఫోన్ ఎక్కడ ఉండాలి

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదే, ఒక్కటి మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. చదివేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి బోర్లా పెట్టడం కాదు, స్విచాఫ్ చేసి దిండు కింద పెట్టడం కాదు, లేచి నడిచి వెళ్తే తప్ప దొరక్కూడదు. 2017లో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు కొంతమందికి ఫోన్ టేబుల్ మీద, కొంతమందికి జేబులోనో బ్యాగ్‌లోనో, కొంతమందికి వేరే గదిలో పెట్టించి పరీక్షలు పెడితే వేరే గదిలో పెట్టినవాళ్ళే బాగా చేశారు, మోగకపోయినా సరే. తర్వాత వేరేవాళ్ళు చేసినప్పుడు అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు, కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు, కానీ మీ రఫ్ బుక్ మీద గీతలు మీరే చూసుకోండి, ఫోన్ దూరంగా పెట్టిన రోజుకీ దగ్గర పెట్టుకున్న రోజుకీ తేడా మీకే తెలుస్తుంది.

ఒకే గది ఉన్న ఇల్లయితే? ఫ్రిజ్ పైన పెట్టండి, బీరువాలో పెట్టి తాళం అమ్మకివ్వండి, పక్కింట్లో పిన్నిగారుంటే వాళ్ళింట్లో ఛార్జింగ్ పెట్టండి. "అమ్మా, తొమ్మిదిన్నర దాకా నీ దగ్గరుంచు, మధ్యలో నేనడిగినా ఇవ్వకు" అని మీ అంతట మీరే చెప్పి ఇస్తే ఇంట్లో గొడవ కూడా తగ్గుతుంది, వాళ్ళు లాక్కోవడం వేరు, మీరు ఇవ్వడం వేరు.

ఫోన్ పక్కన పెట్టుకోవడానికి మనం చెప్పే కారణాలు కొన్నుంటాయి, వాటికి ముందే దారి చూసుకోవాలి. టైమ్ కోసమా, ఒక చేతి గడియారమో గోడ గడియారమో చాలు. అలారం కోసమా, చిన్న అలారం గడియారం కొనుక్కోండి. కాలిక్యులేటర్ కోసమా, ఇంటర్ పబ్లిక్‌లో గానీ ఈఏపీసెట్‌లో గానీ కాలిక్యులేటర్ ఇవ్వరు, ఇప్పట్నుంచే చేత్తో గుణించడం అలవాటు చేసుకోవాలి. పీడీఎఫ్ కోసమా, ముఖ్యమైనవి జిరాక్స్ తీయించుకోండి, పేజీకి ఓ రూపాయో రెండో అవుతుంది, ఆ డబ్బులు వృథా కావు.

డౌట్ వస్తే వెంటనే సెర్చ్ చేయాలనిపిస్తుంది కదా, ఎక్కువమంది అక్కడే దొరికిపోతారు. ఒక ఫార్ములా వెతుకుదామని తీసి, పైన నోటిఫికేషన్ కనపడి, అరగంట తర్వాత తేలతారు. అందుకని రఫ్ బుక్ చివరి పేజీలో "తర్వాత చూడాలి" అని రాసుకుని డౌట్లన్నీ అక్కడ పెట్టండి, చదువు మధ్యలో వచ్చే పిచ్చి ఆలోచనలు కూడా అందులోనే, ఫలానావాడికి మెసేజ్ పెట్టాలి, మ్యాచ్ స్కోరెంత, అన్నీ. చదువు టైమ్ అయిపోయాక ఆ పేజీ తీసుకుని ఫోన్ దగ్గరికి వెళ్ళండి. సగం డౌట్లు అప్పటికే తేలిపోయి ఉంటాయి, ఎందుకంటే ఫోన్ లేకపోతే వెనక్కి తిప్పి టెక్స్ట్‌బుక్‌లో మీరే వెతుక్కుంటారు.

వాట్సాప్

కాలేజీ గ్రూప్, సెక్షన్ గ్రూప్, ఫ్రెండ్స్ గ్రూప్, సర్ లేని ఇంకో గ్రూప్, కజిన్స్ గ్రూప్. అన్నిటినీ మ్యూట్‌లో "ఆల్వేస్" పెట్టేసి, కాలేజీది ఒక్కటి తప్ప మిగతావి ఆర్కైవ్‌లోకి తోసేయండి. ఎవరైనా మీ పేరు ట్యాగ్ చేస్తే మామూలుగా మ్యూట్‌లో ఉన్నా తెలుస్తుంది, కాబట్టి ఏదో మిస్సైపోతామన్న భయం అక్కర్లేదు.

రోజుకి రెండుసార్లు చూడండి, కాలేజీ నుంచి వచ్చాక ఒకసారి, రాత్రి చదువు అయ్యాక ఒకసారి. ఫ్రెండ్స్‌కి ముందే చెప్పేయండి, "రేయ్, ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఫోన్ మా అమ్మ దగ్గర ఉంటుంది, అర్జెంటైతే కాల్ చెయ్" అని. మొదట్లో ఏడిపిస్తారు, వారం అయ్యాక మర్చిపోతారు, ఒకరిద్దరు మీలాగే చేయడం మొదలుపెడతారు కూడా.

మీ లెక్చరర్‌తో చనువుంటే ఒకటి అడగండి, క్లాస్ గ్రూప్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చమని, డౌట్లకి వేరే గ్రూప్ పెట్టమని. ఒక్క టెస్ట్ సిలబస్ కోసం "ఓకే సర్"లూ "థాంక్యూ సర్"లూ దండాల ఎమోజీలూ దాటుకుంటూ పైకి స్క్రోల్ చేయాల్సిన బాధ అరవైమందికీ తప్పుతుంది.

యూట్యూబ్‌తో చదివేవాళ్ళకి

ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే సోషల్ మీడియాలో చదువుకి నిజంగా పనికొచ్చేదీ ఇదే, చదివినట్టు భ్రమ పుట్టించేదీ ఇదే.

మొదట సెట్టింగ్స్. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆఫ్ చేసి పాత హిస్టరీ కూడా డిలీట్ చేసేయండి, 2023 నుంచి అలా చేసినవాళ్ళకి హోమ్ పేజీ ఖాళీగా కనపడుతుంది, సజెషన్స్ రావు. ఆటోప్లే ఆఫ్ చేయండి. ఇక మీరు ఏది సెర్చ్ చేస్తే అదే వస్తుంది. కుదిరితే చదువుకోసం వేరే జీమెయిల్ పెట్టుకుని అందులో చదువు చానెల్స్ తప్ప ఇంకేమీ సబ్‌స్క్రైబ్ చేయకండి, సినిమా ట్రైలర్లకి పాత అకౌంట్ ఎలాగూ ఉంది. చాలా వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ముందు రోజే దించిపెట్టుకుని చూసేటప్పుడు డేటా, వైఫై ఆపేస్తే ఇంకే మెసేజూ రాదు. తెలంగాణ వాళ్ళకి టీశాట్ విద్య చానెల్ టీవీలోనే వస్తుంది, ఫోన్ అసలు ముట్టుకోకుండా పాఠం వినాలంటే అది మంచి దారి.

ఇప్పుడు చూసే పద్ధతి. సర్ బోర్డు మీద లెక్క చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఒక్క స్టెప్ కూడా కష్టంగా అనిపించదు, ఎందుకంటే కష్టం ఆయన పడుతున్నాడు. అందుకే లెక్క రాయగానే వీడియో ఆపండి. మీరు ఓ ఐదు నిమిషాలు ప్రయత్నించండి, రాకపోతే ఒక్క స్టెప్ చూసి మళ్ళీ ఆపండి. మొత్తం అయ్యాక ఫోన్ తీసుకెళ్ళి ఇంకో గదిలో పెట్టి వచ్చి, తెల్ల కాగితం మీద అదే లెక్క ఏమీ చూడకుండా చేయండి. చేయగలిగితేనే ఆ వీడియో చూసినట్టు లెక్క. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఒకటుంది, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్ట్‌లో బాగా చేశారు, చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు వారం తర్వాత పెట్టిన టెస్ట్‌లో వాళ్ళని దాటేశారు. పబ్లిక్ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

ఒక చాప్టర్‌కి ఒక్క టీచర్ చాలు. కాంప్లెక్స్ నంబర్స్ ఒకాయన దగ్గర సగం విని, "ఇంకొకాయన ఇంకా బాగా చెప్తాడట" అని అక్కడ మళ్ళీ మొదట్నుంచి వినేవాళ్ళని చూస్తున్నా, వాళ్ళు నాలుగు ఇంట్రోలు వింటారు, డీమోవర్స్ థీరమ్ దాకా ఎప్పటికీ రారు. బైపీసీ వాళ్ళు జువాలజీ, బోటనీకి వీడియోల మీద ఎక్కువ ఆధారపడకండి, అక్కడ టెక్స్ట్‌బుక్‌లో లైన్ టు లైన్ ముఖ్యం, నీట్‌కి అయితే ఎన్‌సీఈఆర్‌టీ, ఇంటర్ పబ్లిక్‌కి మీ బోర్డు పెట్టిన టెక్స్ట్‌బుక్. బొమ్మ వీడియోలో చూడండి, గీయడం మాత్రం పుస్తకం ముందు పెట్టుకుని గీయండి.

ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టెలిగ్రామ్

ఇన్‌స్టా యాప్ ఫోన్‌లోంచి తీసేసి ఆదివారం బ్రౌజర్‌లో లాగిన్ అయి చూసుకోవడం అన్నిటికంటే మంచిది. అకౌంట్ పోదు, ఫాలోవర్లు పోరు, కానీ బ్రౌజర్‌లో చూడటం కాస్త చిరాగ్గా ఉంటుంది, ఆ చిరాకే మనకి కావాలి. తీయలేనివాళ్ళు ఆండ్రాయిడ్‌లో యాప్ టైమర్ పెట్టి, ఆ టైమర్ మార్చే పిన్ అక్కకో అన్నకో ఇచ్చే మార్గం మీ ఫోన్‌లో ఉందేమో చూడండి, మీ చేతిలోనే ఉన్న టైమర్‌ని రాత్రి పదకొండింటికి మీరే తీసేస్తారు. 18 ఏళ్ళ లోపు అని సరైన వయసు ఇచ్చిన అకౌంట్లకి 2025 నుంచి మన దేశంలో కూడా టీన్ అకౌంట్ వచ్చింది, రోజుకి గంట దాటితే ఆపమని చెప్తుంది, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఆపుతుంది. తప్పు పుట్టినతేదీ ఇచ్చి దాన్ని తప్పించుకోకండి, అది మీకు మంచే చేస్తుంది.

స్నాప్‌లో స్ట్రీక్స్ (రోజూ తప్పకుండా స్నాప్‌లు పంపుకుంటే పెరిగే లెక్క) ఉన్నవాళ్ళు దాన్ని ఒకేసారి వదిలేయండి, నెమ్మదిగా తగ్గించడం అనేది అందులో లేదు. రోజూ పది మందికి గోడ ఫోటో పంపడం స్నేహం కాదు, నిజమైన ఫ్రెండ్ స్ట్రీక్ పోతే అలగడు.

మోటివేషన్ రీల్స్ గురించి ఒక మాట చెప్పాలి. టాపర్ టైమ్ టేబుల్, రోజుకి పదహారు గంటలు చదివాను, వెనక సినిమా బీజీఎం వేసి ఎడిట్ చేసిన ఐఐటీ గేటు, ఇవి చూస్తే ఓ పది నిమిషాలు రక్తం మరుగుతుంది, చదివేసినంత తృప్తి వస్తుంది, పుస్తకం మాత్రం తెరవం. రెండోరోజు అదే రీల్ చూస్తే "నేను ఇంత చదవట్లేదే" అని దిగులు వస్తుంది. ఆ పదహారు గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు, ఆ పిల్లాడు ఎలా చదివాడో ఆ ముప్పై సెకన్లలో లేదు. మీ పక్కన కూర్చుని బాగా రాసే అమ్మాయినో అబ్బాయినో అడగండి, "ఈ చాప్టర్ ఎలా చదివావు?" అని, అందులో మీకు పనికొచ్చేది దొరుకుతుంది.

టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు పోగేయడం ఇంకో జబ్బు. ఆ కోచింగ్ వాళ్ళ మెటీరియల్, ఈ కోచింగ్ వాళ్ళ క్వశ్చన్ బ్యాంక్, దించుకున్నవన్నీ ఫోన్ మెమరీలో ఉంటాయి, మన మెమరీలో ఉండవు. సబ్జెక్ట్‌కి ఒక టెక్స్ట్‌బుక్, ఒక మెటీరియల్, పాత పేపర్లు, అంతే, మిగతావి డిలీట్. పరీక్షల ముందు "పేపర్ లీక్, ఇంత కొడితే పంపుతాం" అనే చానెల్స్ వస్తాయి, అవి మోసం, డబ్బులు పోతాయి, నిజమైతే ఇంకా ప్రమాదం, కేసుల్లో ఇరుక్కుంటారు. అలాంటిది కనపడితే రిపోర్ట్ కొట్టి బయటికి వచ్చేయండి, ఫార్వార్డ్ మాత్రం చేయకండి.

రాత్రి

ఫోన్ ఛార్జర్ మీరు పడుకునే గదిలో ఉండకూడదు. హాల్లో ప్లగ్‌కి పెట్టి పడుకోండి. చదివింది గట్టిపడేది నిద్రలోనే, పన్నెండున్నర దాకా చదివి ఒంటిగంటన్నర దాకా స్క్రోల్ చేసి ఆరింటికి లేచినవాడికి ఆ చదువు కూడా సరిగ్గా నిలవదు, కాలేజీలో ఫస్ట్ పీరియడ్ కూడా పోతుంది. పదిన్నరకి ఆపేసి పడుకుని ఐదింటికి లేచినవాళ్ళకి ఇంకో లాభం ఉంది, ఆ టైమ్‌లో ఏ గ్రూప్‌లోనూ మెసేజ్‌లు రావు.

మూడు గంటలు కూర్చోగలగడం

ఇంటర్ పబ్లిక్ పరీక్ష పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు. ఈఏపీసెట్ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 67న్నర సెకన్లు. నీట్‌కి ఇప్పుడు 180 నిమిషాలకి 180 ప్రశ్నలు. సిలబస్ రావడం ఒక ఎత్తు, మూడు గంటలు తల తిప్పకుండా కూర్చోవడం ఇంకో ఎత్తు. పది నిమిషాలకోసారి ఫోన్ చూసే అలవాటు ఉన్నవాళ్ళకి పరీక్ష హాల్లో ఫోన్ ఉండదు గానీ ఆ అలవాటు ఉంటుంది, నలభై నిమిషాలయ్యేసరికి మనసు బయటికి పోతుంది, తెలిసిన లెక్కలో ప్లస్ మైనస్ తప్పులు అప్పుడే వస్తాయి.

దీన్ని కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. ఇప్పుడు మీరు ఎంతసేపు ఆగగలరో అంతతో మొదలుపెట్టండి, ఇరవై నిమిషాలే అయితే ఇరవై నిమిషాలే, సిగ్గుపడక్కర్లేదు. ఇరవై నిమిషాలు చదివి ఐదు నిమిషాలు లేవండి, కానీ ఆ ఐదు నిమిషాల్లో ఫోన్ వద్దు, నీళ్ళు తాగండి, డాబా మీదకి వెళ్ళి రండి. వారానికి ఓ పది నిమిషాలు పెంచండి. గంట దాకా వచ్చాక ఆదివారాలు పొద్దున తొమ్మిదింటికి పాత పేపర్ ముందు పెట్టుకుని పన్నెండు దాకా రాయండి, మొదటి రెండుమూడు సార్లు చివరి గంట నరకంలా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. డిసెంబర్‌లో మొదలుపెడితే పబ్లిక్ పరీక్షలకి సరిపోతుంది, ఇంకా ముందే అయితే మరీ మంచిది.

హాస్టల్ పిల్లలకి ఈ సమస్య సంక్రాంతికీ దసరాకీ వస్తుంది. నెలల తరబడి ఫోన్ లేకుండా ఉండి ఇంటికి రాగానే రాత్రింబవళ్ళు అదే పని. మొదటి రెండు రోజులు చూసుకోండి, తప్పేం లేదు, మూడోరోజు నుంచి పొద్దున పూట ఒక్క గంటన్నా పుస్తకం పట్టండి, లేకపోతే తిరిగి వెళ్ళిన వారం మొత్తం క్లాసులో కూర్చోలేరు.

అమ్మానాన్నలకి

పిల్లాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని మీరు సోఫాలో కూర్చుని ఫేస్‌బుక్ చూస్తే ఆ రూల్ వారం కూడా నిలవదు. ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట పెట్టండి, కాల్ వస్తే తీయండి, అంతకుమించి వద్దు. టీవీ సౌండ్ తగ్గించండి. వీక్లీ టెస్ట్ మార్కులు చుట్టాల గ్రూప్‌లో పెట్టకండి, వాట్సాప్ స్టేటస్‌లో అసలు వద్దు, మంచి మార్కులైనా సరే, వచ్చే వారం తగ్గితే ఆ పిల్ల ఎవరికి ముఖం చూపించుకోవాలి. "ఎంతసేపు చూశావ్?" అని అడిగేకంటే "ఇవాళ ఏ లెక్క రాలేదు?" అని అడగండి, మీకు మ్యాథ్స్ రాకపోయినా పర్లేదు, చెప్తుంటేనే వాళ్ళకి సగం తేలుతుంది.

ఒక్కోసారి ఫోన్ అసలు సమస్య కాదు. కాలేజీలో ఎవరో ఏడిపిస్తున్నారు, ఒక సబ్జెక్ట్ పూర్తిగా వదిలేశారు, ఇంట్లో గొడవలు, అవి తలుచుకోకుండా ఉండటానికి స్క్రోల్ చేస్తున్నారు. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తే ఫోన్ గురించి తిట్టడం ఆపి మనిషి గురించి అడగండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, ఏ టైమ్‌లోనైనా చేయొచ్చు, పిల్లలైనా పెద్దలైనా. రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఈ నంబర్ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఏది ముందు, ఏది తర్వాత

ఇవన్నీ ఒకేరోజు మొదలుపెట్టకండి, మూడోరోజుకి అన్నీ వదిలేస్తారు. మొదటి వారం గీతలు మాత్రమే. రెండో వారం ఫోన్ వేరే గదిలోకి, ఛార్జర్ హాల్లోకి. అది కుదురుకున్నాక గ్రూపులు మ్యూట్ చేసి యూట్యూబ్ సెట్టింగ్స్ మార్చండి. ఇన్‌స్టా తీసేయడం ఆఖర్న పెట్టుకోండి, అప్పటికి చాలామందికి దాని మీద మోజు కొంత తగ్గి ఉంటుంది.

మధ్యలో ఒకరోజు తప్పుతుంది, కజిన్ పెళ్ళో, ఫైనల్ మ్యాచో, ఏమీ లేకపోయినా ఊరికే తప్పుతుంది. ఆ రోజుకి ఆ రోజు వదిలేయండి, "ఎలాగూ పాడైంది కదా, సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదాం" అని మిగిలిన వారాన్ని కూడా వదిలేయకండి. మర్నాడు సాయంత్రం ఆరింటికి ఫోన్ మళ్ళీ అమ్మకిచ్చి, నిన్న ఏ లెక్క దగ్గర ఆగారో దాన్నే తెల్ల కాగితం మీద మొదటి లైన్ నుంచి వేయండి.